కొండెక్కిన డీజిల్

"మా నాన్న ఆదివారం నన్ను యార్డు మధ్యలో నిలబెట్టి నెత్తిన డీజిల్ పోస్తానంటున్నాడండీ," అన్నాడు ఆ యువకుడు, కుర్చీలో సరిగ్గా కూర్చోకుండానే.

మరిది చేతిలో టీ గ్లాసు అక్కడే ఆగిపోయింది. వదిన మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ, "ముందు మంచినీళ్ళు తాగు బాబూ. ఆదివారానికి ఇంకా టైముంది," అంది.

వాళ్ళిద్దరూ నిజంగానే వదినా మరుదులు. ఆవిడ ఏళ్ళ తరబడి ఒక ఇన్సూరెన్సు కంపెనీ తరఫున ప్రమాదాల్లో నుజ్జయిన బళ్ళను పరీక్షించి, యజమానులు చెప్పినదాంట్లో నిజమెంతో తేల్చే పని చేసింది. ఆ ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. మరిది రెడీమేడ్ బట్టల షాపులో సేల్స్‌మన్. షాపు మూతపడితే నాలుగు రోజులు సాయంగా ఉందామని వచ్చి ఇక్కడే పాతుకుపోయాడు. ఆయన నోట విని విని ఊళ్ళో లాయర్లు కూడా ఆవిడని 'వదినగారు' అనే పిలుస్తారు. బండి గురించి ఆయనకి తెలిసిందల్లా ఎక్కడం, దిగడం. వదిన బుర్ర గురించి మాత్రం గంటలకొద్దీ చెప్పగలడు.

యువకుడు నీళ్ళు తాగి విషయం చెప్పాడు. తండ్రి టైల్స్ షావుకారు. పెద్ద గోడౌను, దాని ముందు యార్డు, సరుకు చేరవేయడానికి ఒకే రకం టర్బో పికప్ ట్రక్కులు ఐదు. నాలుగు ఊళ్ళోనే తిరుగుతాయి. ఐదోది కొండమీద కొత్తగా కడుతున్న ఇళ్ళకి టైల్స్ మోస్తుంది. ఏడాదిగా దాన్ని నడుపుతున్నది ఈ అబ్బాయే.

"మొదట్లో లీటరుకి తొమ్మిది కిలోమీటర్లు ఇచ్చేదండీ. ఈమధ్య ఆరు కూడా రావట్లేదు. మిగతాది నేను అమ్ముకుంటున్నానని నాన్న అంటాడు."

"ట్యాంకు మూతకి తాళముందా?"

"ఉందండీ. చెవి నా దగ్గరే ఉంటుంది. అదే నా ఖర్మ."

"పని అయ్యాక బండి ఎక్కడ పెడతావు?"

"మిగతావి యార్డులో ఉంటాయి. నాది మాత్రం ఇంటికి తెచ్చుకుంటాను. కొండదారి మా ఇంటి పక్కనుంచే."

"మీ నాన్నగారు మాటవరసకి బెదిరిస్తున్నారేమో?"

కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. "లేదండీ. మా మామయ్యకి చేశాడు. అమ్మ తమ్ముడు. మొదట్లో ఆ కొండబండి నడిపింది ఆయనే. నా దగ్గర బావమరిదైనా కొడుకైనా ఒకటే అని నిన్న అందరి ముందూ అన్నాడు."

"నా దగ్గరికి ఎవరు పంపారు?"

"అమ్మండీ. బండిని చూసి మనుషుల అబద్ధాలు బయటపెట్టే ఆవిడ ఒకరున్నారట, వెళ్ళరా అని రెండు రోజులుగా ఒకటే పోరు."

వదిన కళ్ళజోడు పెట్టుకుంది. "పద, బండి చూద్దాం."

* * *

షావుకారుకి అరవై దగ్గరుంటాయి. కోపం ముక్కుమీద కాదు, ఒళ్ళంతా ఉన్న మనిషి. ఆయన కుర్చీ వెనక గోడకి ట్రక్కుల కంపెనీ వాళ్ళ పెద్ద పోస్టరు. నీలాకాశం కింద ఖాళీ రోడ్డు, దానిమీద ఖాళీ ట్రక్కు. పక్కన పెద్ద అక్షరాలతో 'లీటరుకు పద్నాలుగు కిలోమీటర్లు' అని ఉంది.

"మా వాడు మిమ్మల్ని కూడా తెచ్చుకున్నాడా! సరే, చూడండి. మీరు చూసినా డీజిల్ తిరిగిరాదు," అన్నాడు.

"పద్నాలుగు మీకెప్పుడైనా వచ్చిందాండీ?" అంది వదిన పోస్టరు వైపు చూస్తూ.

"ఊళ్ళో తిరిగేవి పన్నెండిస్తాయి."

"కొండబండి?"

షావుకారు గొంతు సవరించుకున్నాడు. "కొండకి కొంచెం తగ్గుతుంది. అంతేగానీ ఆరుకి పడిపోదు. ఆరంటే దొంగతనమే."

"మీ బావమరిది నడిపినప్పుడు ఎంతొచ్చేది?"

"పోయినవాడి సంగతి ఇప్పుడెందుకమ్మా?"

ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. మూలన కూర్చున్న మేనేజరు గొంతు తగ్గించి, "కుర్రాడికి స్నేహితులెక్కువ మేడమ్. ఇంక మీరే అర్థం చేసుకోండి," అన్నాడు. షావుకారు తరవాత ఆ కుర్చీ కొడుక్కి పోతుందన్న దిగులు అతని మొహంలో కొట్టొచ్చినట్టు కనిపించింది. ఇతనే, అని మరిది మనసులో అప్పుడే ఖాయం చేసేసుకున్నాడు.

యార్డు చివర రేకుల షెడ్డులో మెకానిక్ ఉన్నాడు. భారీ మనిషి, మాట నెమ్మది.

"ట్యాంకు దింపి చూశానండీ. పైపులు చూశాను, ఫిల్టరు మార్చాను. చుక్క కారడం లేదు. ఇంజను స్టార్టు చేస్తే సన్నాయిలా పాడుతుంది."

"చూసేటప్పుడు బండిలో లోడుందా?"

"లోడుతో షెడ్డులోకి ఎవరు తెస్తారండీ? దింపేశాకే తెస్తారు."

వదిన బండి వెనక్కి నడిచింది. తెల్లటి డోరుమీద పొగచూరు నల్లగా పేరుకుని ఉంది. చూపుడు వేలితో రాసి, మరిది చొక్కాకి తుడవబోయి ఆగి, రుమాలుకి తుడిచింది.

"మేస్త్రీ, ఆ బావమరిది కథేంటి?"

మెకానిక్ షెడ్డు బయటికి ఒకసారి చూసి చెప్పాడు. "మూడేళ్ళయిందండీ. అప్పుడే ఈ టర్బో బళ్ళు కొత్తగా కొన్నారు. ఆయన కొండకి తోలేవాడు. తొమ్మిదొచ్చేది. షావుకారుగారేమో పోస్టరు చూపించి, మిగతా ఐదూ ఎవరి నోట్లో పోశావురా అన్నారు. ఆయన ఒట్టేశాడు, ఏడ్చాడు. అదిగో, ఆ లోడింగ్ షెడ్డు ఎదురుగా నిలబెట్టి మగ్గుతో డీజిల్ ముంచి నెత్తిన పోశారు. నువ్వు తిన్నది ఇదేగా, పట్టుకుపో అని. అక్కడితో ఆగారా, ఊళ్ళో బళ్ళున్న వాళ్ళందరికీ ఫోన్లు చేసి చెప్పారు. ఎవరూ స్టీరింగు ఇవ్వలేదు. చివరికి రాళ్ళ క్వారీలో కూలికి వెళ్ళి, కిందటేడు బండ మీదపడి పోయాడండీ."

కొడుకు తల వంచుకుని చేతిగోళ్ళు చూసుకుంటున్నాడు.

* * *

షావుకారు ఇంటికి వెళ్ళేసరికి కుర్రాడి తల్లి కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చుని పాత జాకెట్టుకి కుట్లు విప్పుతోంది. సగం బ్లేడు ముక్క పట్టుకుని, బట్ట కందకుండా దారం మాత్రమే తెంపే చెయ్యి. బట్టల షాపులో బతికిన మరిది ఆ పనితనం చూసి మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు.

"మా నాన్నది టైర్లూ ట్యూబుల షాపండీ," అందావిడ కుర్చీలు జరుపుతూ. "నేనూ తమ్ముడూ స్కూలు నుంచి రాగానే పంక్చర్లు వెయ్యడమే. వాడికి నడక కంటే ముందు డ్రైవింగొచ్చింది."

"మీ అబ్బాయి డీజిల్ తీశాడంటారా?"

"తియ్యలేదు."

"అంత గట్టిగా ఎలా చెప్తున్నారు?"

"తల్లిని కదండీ."

"మీ తమ్ముడు?"

బ్లేడు ఒక్క క్షణం ఆగింది. "వాడూ తియ్యలేదు."

"ఆ మాట మీవారికి చెప్పారా?"

"ఆయన వినే మనిషైతే మీతో పనేముందండీ?" అని ఆవిడ మళ్ళీ కుట్లు విప్పడంలో పడింది. "మీరు తేల్చింది మాత్రం యార్డులోనే చెప్పండి. అందరి ముందూ. ఇంట్లో వద్దు."

బయటికొచ్చాక కొడుకు నవ్వడానికి ప్రయత్నించాడు. "అమ్మకి బళ్ళ గోల అసలు పట్టేది కాదండీ. ఇప్పుడు రోజూ ఇంటికి రాగానే, ఎంతిచ్చిందిరా బండి అని అడుగుతుంది. నాకంటే ఆవిడకే బెంగెక్కువైంది."

వదిన ఒకసారి వెనక్కి తిరిగి ఆ కిటికీ వైపు చూసింది. ఎప్పుడూ చురుగ్గా నడిచే ఆవిడ ఆ సందు చివరిదాకా ఆలోచిస్తూ నెమ్మదిగా నడవడం మరిది గమనించాడు.

* * *

మర్నాడు ఆవిడ పట్టుబట్టి కొండబండిలో నిండా టైల్స్ ఎక్కించింది. ట్యాంకు మూతిదాకా డీజిల్ కొట్టించింది. కుర్రాడు స్టీరింగు దగ్గర, పక్కన వదిన, తలుపు వారగా మరిది.

ఊళ్ళో ఉన్నంతసేపూ బండి మర్యాదగానే నడిచింది. కొండ మొదలవగానే స్వభావం మారింది. కుర్రాడు కాలు నొక్కుతున్నకొద్దీ బానెట్టు కింద నుంచి 'స్స్' మని పాము బుసలాంటి చప్పుడు. కాలు తీస్తే ఆగుతుంది, నొక్కితే మళ్ళీ మొదలు. అద్దంలో చూస్తే వెనక నల్లటి పొగ.

"ఇలా ఎప్పట్నుంచి?"

"ఆరు కూడా రావట్లేదన్నానే, అప్పట్నుంచేనండీ. లోడుంటేనే ఇలా. ఎంత తొక్కినా లాగదు, అందుకే ఇంకా తొక్కుతాను. మెకానిక్‌కి చెప్తే, వినిపించు అంటాడు. షెడ్డులో వినిపించదు."

మూడో మలుపు బాగా నిటారు. ఒకవైపు కొండ, ఇంకోవైపు లోయ. సరిగ్గా మలుపు మధ్యలో ఇంజను గురకపెట్టి చతికిలబడింది. బండి ఆగింది. ఆపైన మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. వెనక టైల్స్ పెట్టెలు కిర్రుమన్నాయి.  మరిది రెండు చేతులతో తలుపు పిడి పట్టుకున్నాడు. కుర్రాడు రెండు కాళ్ళతో బ్రేకు తొక్కి, హ్యాండ్ బ్రేకు గుంజి పట్టాడు. వెనక చక్రం రోడ్డు అంచున ఉన్న రాయికి తగిలి ఆగింది.

వదిన పక్కకి వంగి లోయ వైపు చూసింది.

"ఇదివరకు కూడా జారిందా?" అంది.

"ఒకసారి జారిందండీ. అమ్మ కంగారుపడుతుందని ఇంట్లో చెప్పలేదు."

వదిన దిగి బానెట్టు ఎత్తింది. లోపల చెయ్యి పెట్టి, దేన్నో తడిమి, మెల్లగా వంచి చూసింది. ఆవిడ మొహం ఎర్రబడింది. బానెట్టు ధడాలున మూసింది.

"ఏం దొరికింది వదినా?"

"దొరక్కుండా ఉంటే బాగుండునని మొదటిసారి అనిపించింది, నాయనా," అంది.

తిరిగొచ్చాక మళ్ళీ ట్యాంకు నింపి చూస్తే లీటరుకి ఆరు కూడా లేదు. శనివారం ఆవిడ ఊళ్ళో తిరిగే ఒక ట్రక్కు తీసుకుని, అదే లోడుతో అదే కొండ ఎక్కించింది. దానికెంతొచ్చిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

* * *

ఆదివారం పొద్దున్న యార్డు నిండింది. డ్రైవర్లు, లోడింగ్ వాళ్ళు, మేనేజరు, మెకానిక్. తల్లి లోడింగ్ షెడ్డు స్తంభం పక్కన నిలబడింది. షావుకారు కాళ్ళ దగ్గర బకెట్టు, అందులో మగ్గు.

"చెప్పండమ్మా," అన్నాడాయన. "నా కొడుకు దొంగా, కాదా?"

"కాదు. ఇక్కడ డీజిల్ దొంగ ఎప్పుడూ లేడు," అంది వదిన. "మేస్త్రీ, కొండబండికి టర్బో నుంచి ఇంజనుకి గాలి వెళ్ళే రబ్బరు గొట్టం విప్పి తెండి."

మెకానిక్ విప్పి తెచ్చాడు. అందరూ చూస్తుండగా వదిన దాన్ని రెండు చేతుల్తో వంచింది. అడుగువైపు, అంతవరకూ ఏమీ లేనట్టున్న చోట, వేలి కణుపంత గాటు పెదవుల్లా విచ్చుకుంది. వదిలెయ్యగానే మూసుకుపోయింది.

"టర్బో చేసే పని గాలిని అదిమి ఇంజనులోకి తొయ్యడం. ఖాళీ బండికి షెడ్డులో ఆ అవసరం రాదు కాబట్టి గాటు మూసుకునే ఉంటుంది. లోడుతో కొండెక్కితే ఒత్తిడి పెరిగి గాటు తెరుచుకుంటుంది. ఆ బుస అదే. గాలి బయటికి పోతే డీజిల్ సరిగ్గా మండదు. ఆ నల్లపొగా, వెనక డోరుమీద మసీ అందుకే. బండి లాగదు. డ్రైవరు ఇంకా తొక్కుతాడు. అలా తాగింది బండే, మనిషి కాదు."

మెకానిక్ నుదురు కొట్టుకున్నాడు. షావుకారు బకెట్టు వైపు చూడడం మానేశాడు.

"అయితే ఆ గాటు ఎవరు పెట్టారు?" అని అరిచాడు. మరిది కళ్ళు మేనేజరు మీదకి వెళ్ళాయి. అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"దానికి ముందు ఇంకో మాట. నిన్న నేను ఏ గాటూ లేని మీ బండిని అదే లోడుతో అదే కొండెక్కించాను. తొమ్మిదిచ్చింది. పోస్టరులో పద్నాలుగు, ఖాళీ బండి సాఫీ రోడ్డుమీద వెళ్తే వచ్చే లెక్క. మోతబరువుతో కొండెక్కే టర్బో బండికి తొమ్మిదే న్యాయం. మీ బావమరిదికి వచ్చింది ఎంత?"

షావుకారు మొహం తిప్పుకున్నాడు.

"మేస్త్రీ, మీరు చెప్పండి. ఆయన వెళ్ళిపోయాక కొత్త డ్రైవరుకి ఎంతొచ్చింది?"

"తొమ్మిదేనండీ," అన్నాడు మెకానిక్ నేల చూస్తూ. "ఆ డ్రైవర్ని షావుకారుగారు ఒక్క మాటా అనలేదు. ఎందుకని నేనూ అడగలేదు."

యార్డులో గుసగుసలు మొదలయ్యాయి.

"అంటే మీకు అప్పుడే తెలిసింది," అంది వదిన. "ఇక గాటు సంగతి. బండి రోజంతా అబ్బాయి చేతిలో ఉంటుంది, పనయ్యాక ఇంటి ముందు ఉంటుంది. మేనేజరుగానీ మెకానిక్‌గానీ ఆ ఇంటి ఛాయలకి రారు. షెడ్డుకి వచ్చినప్పుడు కోశారనుకుందామంటే, అది షెడ్డుకి వచ్చిందే మైలేజీ పడిపోయాక. గాటు చూడండి. కత్తి పోటు కాదు, బ్లేడుతో కుట్టు విప్పినంత తిన్నగా ఉంది. పెట్టిన మనిషికి ఇంకోటి కూడా తెలుసు. రబ్బరుకి సన్నటి కోత పడితే గాలి తక్కువున్నప్పుడు కనపడదని. అది ట్యూబులకి పంక్చర్లు వేసిన చేతులకి తెలిసే సంగతి."

ఆవిడ స్తంభం వైపు తిరిగింది. "నన్ను పిలిపించింది మీరే. యార్డులోనే చెప్పమన్నదీ మీరే."

"నేనే కోశాను," అంది తల్లి. గొంతులో వణుకు లేదు.

కొడుకు తల్లి వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. షావుకారు, "పిచ్చిదానా! సొంత బండిని, సొంత కొడుకుని..." అంటూ ముందుకి దూకాడు. మెకానిక్ అడ్డంగా నిలబడ్డాడు.

"మా తమ్ముడి శవం దగ్గర నువ్వేమన్నావో గుర్తుందా?" అందావిడ. ఆవిడ మొగుణ్ణి 'నువ్వు' అనడం కొడుకు కూడా ఎప్పుడూ విని ఉండడు. "మంచివాడే, చేతివాటం ఒక్కటే లేకపోతేనా అన్నావు. ఏడుస్తూ అన్నావు. నేను కూడా నమ్మాను. నా తోడబుట్టినవాణ్ణి దొంగనుకుని ఏడ్చాను. ఆపైన ఒకరోజు అన్నం తింటూ ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ చెప్తున్నావు. టర్బో బళ్ళు తాగుతాయి, కొండమీద తొమ్మిదిస్తే గొప్పే అని. నేను నీ పక్కనే నిలబడి వడ్డిస్తున్నాను. నీకు వాడు గుర్తు కూడా రాలేదు."

షావుకారు పెదవులు కదిలాయి. "తెలిసేటప్పటికే వాడు వెళ్ళిపోయాడు. అప్పుడు చెప్తే నలుగురిలో నా పరువు..."

"వాడు క్వారీలో రాళ్ళు మోస్తూ బతికే ఉన్నాడప్పుడు."

"అమ్మా," అన్నాడు కొడుకు. "నన్నెందుకమ్మా? నేనేం చేశాను?"

"ఆయనకి నొప్పి పుట్టే చోటు నువ్వొక్కడివే ఉన్నావురా. బకెట్టు నీదాకా రానిచ్చేదాన్ని కాదు. వస్తే అడ్డం పడేదాన్ని."

"బకెట్టు సంగతి సరే," అంది వదిన కటువుగా. "మొన్న మూడో మలుపులో బండి వెనక్కి జారింది. రోడ్డు అంచున ఒక్క రాయి లేకపోతే మేం ముగ్గురం లోయలో ఉండేవాళ్ళం. అది మొదటిసారి కూడా కాదు. మీకు చెప్పలేదు మీవాడు, మీరు కంగారుపడతారని."

అప్పుడు మారింది ఆవిడ మొహం. రక్తమంతా ఎవరో తోడేసినట్టయింది. చెయ్యి స్తంభానికి ఆనించుకుంది. కొడుకు వైపు చూసింది. వాడు చూడలేదు. అయినా ఆవిడ ఆగలేదు.

"నా తప్పుకి నువ్వేం శిక్ష వేసినా పడతాను," అంది మొగుడితో. "ముందు చెప్పు. మా తమ్ముడు దొంగ కాదని చెప్పు."

షావుకారు చుట్టూ చూశాడు. ఆయన జీతం తినే మనుషులంతా, ఒక్కరు కూడా కళ్ళు దించకుండా, ఆయన్నే చూస్తున్నారు.

"కాదు," అన్నాడు గొణుగుతూ.

"గట్టిగా. ఆ రోజు నువ్వు అరిచింది రోడ్డు దాకా వినపడింది."

"వాడు దొంగ కాదు!" అని అరిచాడాయన. గొంతు మధ్యలో చీలిపోయింది.

"ఇంకోసారి."

"వాడు దొంగ కాదు. నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను." ఆయన టైల్స్ పెట్టెమీద కూలబడి తల పట్టుకున్నాడు. ఎవరూ ఆయన దగ్గరికి వెళ్ళలేదు.

తల్లి కొంగు సవరించుకుని గేటు వైపు నడిచింది. కొడుకు పక్కనుంచి వెళ్తూ ఒక్క క్షణం ఆగింది. వాడు వీపు తిప్పుకుని, విప్పేసిన గొట్టాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"వెళ్ళు, ఆవిణ్ణి బస్సెక్కించి రా," అంది వదిన మరిదితో మెల్లగా.

మరిది రోడ్డుమీద ఆవిణ్ణి కలుసుకున్నాడు. ఇద్దరూ స్టాపు దాకా నడిచారు. ఎక్కడికి వెళ్తున్నారని అడిగితే, తమ్ముడి భార్య దగ్గరికి అంది.

"ఇవాళ విన్నది ఆ పిల్లకి చెప్పాలి. మొగుణ్ణి దొంగ అన్నారని మూడేళ్ళుగా గడప దాటట్లేదు."

"కడుపుమంట చల్లారిందాండీ?" అని అడిగేశాడు మరిది. అడిగాక నాలిక్కరుచుకున్నాడు.

"చల్లారింది," అందావిడ. "అబద్ధమెందుకు? మూడోసారి కూడా చెప్పించి ఉండాల్సింది." బస్సు రావడం చూసి ముందుకి నడిచింది. "పిల్లాడే..." అని మొదలుపెట్టి, మెట్టుమీద కాలు పెట్టి, ఆ మాట పూర్తిచెయ్యకుండా లోపలికి వెళ్ళి కూర్చుంది.